సార్ పుస్తకాలు కిలో లెక్కన పోతున్నాయి, ఆదివారం లోపు ఎవరైనా దారి చెప్పండి

కిరాయి_పోర్షన్
మా ఇంటి ఓనర్ సార్ పోయి పన్నెండు రోజులైంది. రిటైర్డ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్, 82 ఏళ్లు. బాలసముద్రం నుంచి హన్మకొండ చౌరస్తా దాకా గొడుగు చంకలో పెట్టుకుని నడిచే ఆయన అంటే చాలామందికి గుర్తొస్తారు. ఇంట్లోవాళ్లు ఇష్టపడకపోవచ్చని పేరు రాయడం లేదు, తెలిసినవాళ్లు కూడా రాయకండి.

సంగతేమిటంటే, పైన రెండు గదుల నిండా పుస్తకాలు. పెద్దబ్బాయి అమెరికా నుంచి వచ్చాడు, సోమవారం రాత్రి తిరుగు ఫ్లైటు. ఈలోపు ఇల్లు ఖాళీ చేసి తాళం వేయాలి. నిన్న పాత పేపర్ల ఆయన్ని పిలిచాడు. పుస్తకాలు కిలో పన్నెండు, చేతిరాత నోటుబుక్కులు పది. మెట్ల మీద కాటా పెట్టి తూకం మొదలుపెట్టబోతుంటే ఆదివారం దాకా ఆగమని బతిమాలుకున్నాను. నాది బ్యాంకులో క్లర్కు పని, వీటిలో ఏది పనికొస్తుందో నాకు తెలియదు. ఒక లైబ్రరీకి ఫోన్ చేస్తే లిస్టు టైపు చేసి పంపమన్నారు, కమిటీ చూస్తుందట. రెండు వేల పుస్తకాల లిస్టు నేనెప్పుడు టైపు చేయాలి?

కాజీపేట_జంక్షన్
గొడుగు సారా! అయ్యో. వానొచ్చినా ఎండొచ్చినా అది తెరిచింది నేను చూడలేదు. ఎందుకు సార్ మోయడం అంటే "కుక్కలకు" అనేవారు.

కొత్తసభ్యుడు_07
జయశంకర్ సార్ గురించా? ఆయన పోయి చాలా ఏళ్లైంది కదా?

గ్రూప్2_నాలుగోసారి
@కొత్తసభ్యుడు_07 జయశంకర్ సార్ పుట్టింది 1934 ఆగస్టు 6, అక్కంపేట. కాకతీయ వీసీ 1991 నుంచి 94. పోయింది 2011 జూన్ 21. ఇది బిట్ బ్యాంకులో మొదటి పేజీ తమ్ముడూ. ఈ సార్ వేరు.

పాత_బ్యాచ్_88
ఆ తికమక కొత్తదేం కాదు. ఇద్దరిదీ ఎకనామిక్సే, ఇద్దరూ హన్మకొండలోనే. జయశంకర్ సార్ వీసీ అయిన కొత్తలో ఎవరో పెళ్లిలో మా సార్‌ని "నమస్తే జయశంకర్ గారూ" అన్నారట. "ఆయన జీతం ఇప్పిస్తే పలుకుతా" అన్నారట సార్.

నేను సార్ దగ్గర ఎంఏ చదివి 1988లో బయటపడ్డాను. కబురు ఇప్పుడే తెలిసింది, ఇలా చూడాల్సి వచ్చింది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతికి సుద్ద అంటేది కాదు. బోర్డు మీద వక్రరేఖ గీస్తే అచ్చు వేసినట్టుండేది. గంట కొట్టాక ఒక్క నిమిషం ఎక్కువ చెప్పరు, తక్కువా చెప్పరు. నాకు బాగా గుర్తున్న క్లాసు తెలంగాణ మిగులు నిధులది, అంటే తెలంగాణలో వసూలై అక్కడ ఖర్చు కాని డబ్బు. బోర్డుకు ఒక చివర 34.10 అని, ఇంకో చివర 28.34 అని రాశారు. మొదటిది లలిత్ కమిటీ, రెండోది భార్గవ కమిటీ, రెండూ 1969వే, రెండూ కోట్లలో. "లెక్కల పుస్తకాలు అవే. మరి 5 కోట్ల 76 లక్షలు ఏ జేబులో పడ్డాయిరా?" అని మమ్మల్ని చూశారు. ఎవ్వరం మాట్లాడలేదు. "మీరు కూడా కమిటీలో పనికొస్తారు" అని వెళ్లిపోయారు.

గ్రూప్2_నాలుగోసారి
ఈ రెండు అంకెలు నేను ఎన్నిసార్లు తారుమారు చేశానో. జేబు కథ ముందే తెలిస్తే బాగుండేది.

లెక్కల_పంతులు
నన్ను ఒక పేపర్లో 34 మార్కులతో ఆపింది ఈయనే. పాస్ 35. వెళ్లి అడిగితే పేపర్ మళ్లీ దిద్ది 33 చేశారు. పోయినవాళ్లను తిట్టకూడదు కాబట్టి ఇంతటితో ఆపుతున్నా.

కాజీపేట_జంక్షన్
@లెక్కల_పంతులు ఇంకోసారి అడిగి ఉంటే 32 అయ్యేది. సమయానికి ఆగారు.

ఎంఏ_2001
@పాత_బ్యాచ్_88 చేతికి సుద్ద అంటని సార్ అంటున్నారు, మాకు తెలిసిన సార్ ఒళ్లంతా మిర్చి ఘాటు. ఒకరి గురించేనా మనం మాట్లాడేది అనిపిస్తోంది.

మమ్మల్ని ప్రతి ఫిబ్రవరిలో ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లేవారు. పొద్దున్నే మొదటి బస్సు. అమ్మాయిలం పన్నెండు మందిమి చున్నీలు ముక్కుకు కట్టుకుని లైనుగా నడిస్తే హమాలీలు నవ్వేవారు. యార్డు నిండా ఎర్రగా బస్తాలు. మిర్చిలో తేజ రకం ఎక్కడ, చపాట రకం ఎక్కడ, తాలు ఎలా ఉంటుంది అన్నీ చేత్తో పట్టించి చూపించేవారు. తాలు కాయ తెల్లబడి ఉంటుంది, ధర సగానికి పడిపోతుంది. ఆ రోజు జెండా పాట, అంటే గరిష్ఠ ధర తేల్చే వేలం, అయ్యేటప్పుడు మేం అంకె రాసుకుని, పని అయిపోయింది టిఫిన్‌కు పోదాం అనుకున్నాం. సార్ కదల్లేదు. "ఇది ఎన్ని బస్తాలకు వచ్చింది?" అన్నారు. తిరిగి అడిగి వస్తే ఒక్క కుప్ప. మిగతా యార్డంతా దానికి కిందనే.

తర్వాత టీ కొట్టు దగ్గర ఒక రైతు పక్కన కూర్చోబెట్టారు. ఆయన నర్సంపేట అవతలి నుంచి రాత్రి ట్రాక్టర్ మీద వచ్చాడు. సార్ టీ ఇప్పించి, "నీ తక్‌పట్టీ ఒకసారి చూపిస్తావా పెద్దాయనా" అని అడిగారు. ఆయన రుమాలు ముడిలోంచి ఆ అమ్మకం చీటీ తీసి ఇచ్చాడు. ధర, తూకం, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి కూలి), చాట కూలి, ట్రాక్టర్ కిరాయి, అన్నీ పోను చేతికి ఎంత. సార్ దాన్ని ఎర్ర అట్ట ఖాతా బుక్కులో ఎక్కించుకుని, "రేపు పేపర్లో ఏ ధర వస్తుంది?" అన్నారు. జెండా పాట ధర అన్నాం. "ఈయన ఇంటికి ఏ ధర పోతుంది?" అన్నారు. ఇప్పటికీ పేపర్లో గరిష్ఠ ధర అని చూస్తే నా కళ్లు ముందు కనిష్ఠం కోసం వెతుకుతాయి.

దడ్వాయి_కొడుకు
మా నాన్న ఆ యార్డులోనే తూకం వేసేవాడు. మొదట్లో సార్‌ని ఏసీబీ అనుకున్నారట. బుక్కు తెరిస్తే కాటాల దగ్గర జనం పలచబడేవాళ్లట. ఆరునెలలకు గానీ నమ్మలేదు. తర్వాత సార్ రాకపోతే "ఎకనామిక్స్ ఇయ్యాల రాలేదే" అనేవాళ్లు. పేరు తెలియదు మరి.

పాత_బ్యాచ్_88
@ఎంఏ_2001 ఇది నిజంగా నాకు కొత్త. రెండేళ్లలో మమ్మల్ని ఒక్కసారి కూడా యార్డుకు తీసుకెళ్లలేదు. మేమే ఫీల్డ్ ట్రిప్ అడిగితే "బురద నేను చూసి వచ్చినవాణ్నే, మీకు కావాల్సింది థియరీ" అన్నారు. మనిషి ఎప్పుడు మారాడు?

కిరాయి_పోర్షన్
ఆ ఎర్ర అట్ట బుక్కులు ఇక్కడే ఉన్నాయి! దుకాణాల్లో వాడే పొడుగు ఖాతా బుక్కులు. లెక్కపెట్టాను, 26. ఏడాదికి ఒకటి. మొదటిది 1998 జనవరి, చివరిది 2023లో సగంలో ఆగింది, కంటి ఆపరేషన్ అయిన ఏడాది. మధ్యలో ఒక పేజీ ఉన్నదున్నట్టు:

"ఫిబ్రవరి 12, మంగళ. బస్తాలు 22, అందులో తాలు 4. మనిషి రాత్రి 2కు బయల్దేరాడు. కౌలు 3 ఎకరాలు. అప్పు మందుల షాపులో, మిత్తి నూటికి 3. కొడుకు ఇంటర్. టీ తాగనన్నాడు, ఇప్పించాను."

కింద లెక్క ఉంది, ధరలు నేను తప్పు చదువుతానేమోనని వేయడం లేదు. కొన్నిచోట్ల ఎర్ర సిరాతో సార్ తనకు తానే "తప్పు" అని రాసుకున్నారు.

డాలస్_నుంచి
కొడుకుని విలన్ చేయకండి. నేనూ ఇక్కడే ఉంటాను, మా నాన్న పోయినప్పుడు నాకు దొరికింది తొమ్మిది రోజుల సెలవు. ఇల్లు, బ్యాంకు, డెత్ సర్టిఫికెట్, పెన్షన్ ఆపించడం, గ్యాస్ కనెక్షన్. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా తీసుకుపోతే చాలనిపిస్తుంది.

కిరాయి_పోర్షన్
@డాలస్_నుంచి విలన్ అని ఎక్కడా అనలేదండీ. మంచి అబ్బాయి. రెండు రోజులుగా చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని సార్ చెప్పులు చూస్తుంటాడు.

స్కాన్_చేసెయ్
అన్నీ సెంటిమెంటు. ఫోన్‌లో స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టి కాగితాలు అమ్మేయండి. అయినా మార్కెట్ ధరలు ఇప్పుడు ప్రభుత్వ సైట్లలోనే ఉన్నాయి. ఈ-నామ్ 2016 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి ముందు నుంచే ఆగ్‌మార్క్‌నెట్ ఉంది. ఈ బుక్కుల్లో కొత్తగా ఏముంటుంది?

పరిశోధన_గది
@స్కాన్_చేసెయ్ ఆ సైట్లలో కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువమందికి వచ్చిన ధర, మూడే ఉంటాయి. రైతు అప్పు ఎక్కడ తెచ్చాడు, భూమి సొంతమా కౌలా, అన్నీ పోను జేబులో ఎంత పెట్టుకుని బస్సెక్కాడు, ఇవి ఉండవు. 26 ఏళ్లపాటు ఒకే మనిషి ఒకే పద్ధతిలో రాసుకోవడం మామూలు విషయం కాదు. నేను ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను, వ్యవసాయ పరపతి మీద. ఆ బుక్కులు దయచేసి ఎవరికీ ఇవ్వకండి, రేపే వచ్చి చూస్తాను.

అచ్చు పుస్తకాలకైతే హన్మకొండలో రాజరాజనరేంద్ర భాషా నిలయం ఉంది కదా, 1904 నుంచి నడుస్తోంది. తెలుగువి ముందు అక్కడ అడగండి. పాత వీక్లీలు ఎవరూ తీసుకోరు, అవి ఎలాగూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటి మీద మాత్రం కాటా ఆపకండి.

భద్రకాళి_కట్ట
పెద్దకర్మ అయిపోయిందా? పాత విద్యార్థులకు ఎవరూ చెప్పలేదు. పేపర్లో కూడా చూడలేదు.

కిరాయి_పోర్షన్
@భద్రకాళి_కట్ట కర్మ ఏమీ లేదు. సార్ దేహదానం రాసి పెట్టారు. ముందు కళ్లు తీసుకెళ్లారు, ఆరు గంటల లోపే తీయాలట. తర్వాత కాకతీయ మెడికల్ కాలేజీకి. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు గొడవ చేశారు. నిప్పు పెట్టకుండా ఎట్లా, మూడో రోజు పిట్టకు పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి అని. సార్ చెల్లెలు మాత్రం ఎవరికీ చెప్పకుండా మూడో రోజు ఉప్మా, టీ డాబా మీద పెట్టింది. సార్ రోజూ అదే తినేవారు. కాకులు వచ్చాయి.

సాంప్రదాయం
ఎవరి ఇష్టం వారిది కానీ నాకు మనసొప్పదు. మనిషి బతికున్నప్పుడు ఎంతైనా ఆదర్శం చెప్పొచ్చు, పోయాక ఇంట్లోవాళ్లకు ఏడవడానికి ఒక చోటు కావాలి కదా. కొడుకు అంత దూరం నుంచి వచ్చి చేసిందేముంది, సంతకమా?

నిజాం_తాత
@సాంప్రదాయం వరంగల్‌కు ఇది కొత్త కాదు. 2002లో కాళోజీ పోతే ఆయన దేహం కూడా ఆ కాలేజీకే ఇచ్చారు. ఊరంతా వెంట నడిచింది. ఏడవడానికి చోటు దొరక్కపోలేదు.

సాంప్రదాయం
@నిజాం_తాత కాళోజీకి ఊరుంది తాతా. ఈ సార్‌కు పన్నెండు రోజుల తర్వాత మనకు ఇక్కడ తెలిసింది.

మొదటి_సంవత్సరం_ఎంబీబీఎస్
నాది వేరే ఊరి కాలేజీ. డిసెక్షన్ మొదలయ్యే ముందు మా అందరితో ప్రమాణం చేయించారు, ఆ దేహాన్ని గౌరవంగా చూస్తామని. మొదటి రోజు మా టేబుల్ దగ్గర ఎవరం కత్తి పట్టుకోలేకపోయాం. పేర్లు మాకు చెప్పరు. ఆయన గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి, అదే చూస్తూ నిలబడ్డాను.

లెక్కల_పంతులు
అంటే సార్ ఇంకా క్లాసులోనే ఉన్నారన్నమాట. పాపం ఆ పిల్లలు, 34 వేస్తారు.

కాజీపేట_జంక్షన్
@లెక్కల_పంతులు నవ్వాలో వద్దో తెలియలేదు, నవ్వాను.

బజ్జీల_బండి
పెన్షన్ సంగతి ఎవరో ఎత్తారు కాబట్టి చెబుతున్నా. సార్ 2002లో రిటైర్ అయినప్పుడు పెన్షన్‌లో కొంత అమ్ముకున్నారు, అదే కమ్యుటేషన్. పదిహేనేళ్లు బతికితే తిరిగి పూర్తి పెన్షన్ ఇస్తారు. సార్ దాన్ని ప్రభుత్వంతో పందెం అనేవారు. 2017లో పూర్తి పెన్షన్ పడిన రోజు సాయంత్రం మా వాకింగ్ బ్యాచ్ తొమ్మిది మందికి మిర్చి బజ్జీలు. "గెలిచిన" అన్నారు. తలా రెండే. మూడోది అడిగితే, ఉపాంత ప్రయోజనం తగ్గుతుంది అన్నారు.

రైతుబిడ్డ_జమ్మికుంట
సార్ మీద నాకు గౌరవమే కానీ ఒక విషయంలో ఒప్పుకోను. 2018 మేలో మా హుజూరాబాద్ దగ్గరే రైతుబంధు మొదలైంది, ఎకరాకు నాలుగు వేలు. అందరూ సంతోషంగా ఉంటే సార్ ఒక మీటింగ్‌లో లేచి, కౌలుకు చేసేవాడి చేతికి ఎంత వస్తుంది అని అడిగారు. మంచి పనిలో కూడా బొక్కలు వెతకడం అలవాటు ఆయనకు.

పరిశోధన_గది
@రైతుబిడ్డ_జమ్మికుంట బొక్క ఉంది కాబట్టి దొరికింది. కౌలుదారుకు రాలేదు కదా.

రైతుబిడ్డ_జమ్మికుంట
కౌలుదారుకు ఇస్తే పట్టాదారు కౌలుకే ఇవ్వడు. భూమి ఉంటే తెలుస్తుంది.

మోడరేటర్_చెరువుకట్ట
పథకాల చర్చకు వేరే శీర్షిక ఉంది, అక్కడికి పదండి. ఇద్దరి పోస్టులు మూడు తీసేశాను. ఇంకొకరు సార్ ఇంటిపేరు రాశారు, అదీ తీసేశాను.

పరకాల_వైపు
రెండు రోజులుగా చదువుతున్నా. రాద్దామా వద్దా అని ఊరుకున్నా. నాది సార్ ఊరే.

1996 దసరాకు సార్ ఊరికి వచ్చిండు. జమ్మి దగ్గర అందరూ చుట్టూ చేరారు. చదువుకున్నోడు, ప్రొఫెసర్, మా ఊరికి ఆయన మాట కోర్టు మాట. ఏం వేస్తే బాగుంటుంది అని మా నాయన అడిగిండు. సార్ జేబులోంచి పేపర్ కటింగులు తీసి, మూడేండ్ల పత్తి ధరలు చదివి వినిపించి, జొన్న, కంది పట్టుకుని కూర్చుంటే ఎట్లా ఎదుగుతరు అన్నడు. మాది నల్లరేగడి కాదు, చెల్క. నీళ్లు లేవు. ఆ మాట ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు.

వచ్చే వానాకాలం మూడెకరాలు పత్తి. 1997 ఎట్లా పోయిందో వరంగల్ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. లద్దె పురుగు ఆకు మిగల్చలేదు. మందు కొట్టిన కొద్దీ పురుగు పెరిగింది. మందు అప్పు ఇచ్చిన షాపాయనే పత్తి కొనేది. మిత్తి నూటికి మూడు, అంటే ఏడాదికి ముప్పై ఆరు. పత్తి పగిలే టైముకు వాన పడి నల్లబడింది. మా వాడలో ఒకతను అదే మందు తాగిండు. మా నాయన తాగలేదు, రెండెకరాలు అమ్మిండు. నేను ఇంటర్ ఆపి హైదరాబాద్‌లో లారీ క్లీనర్‌గా చేరిన. సార్ సొంత తమ్ముడు కూడా వేసిండు, ఆయనా మునిగిండు. అది కూడా చెప్పాలి.

1998 సంక్రాంతికి సార్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నడు. మా అమ్మ మంచినీళ్లు ఇయ్యబోతే మా నాయన వద్దన్నడు. సార్ ఒకటే మాట అన్నడు, "నేను పేపర్ ధర చూసి చెప్పిన. మీ పట్టీలు ఉంటే చూపించు." మా నాయన రేకు డబ్బాలోంచి చీటీలన్నీ తెచ్చి ముందట పడేసిండు. పొద్దుగూకే దాకా ఎక్కించుకున్నడు. తర్వాత ప్రతి సంక్రాంతికి వచ్చేటోడు, మా నాయన ఒక్కసారి కూడా మాట్లాడలేదు. 2014లో మా నాయన పోయినప్పుడు వచ్చి చివరిదాకా నిలబడ్డడు.

కోపం లేదు. కానీ మీ అందరిలెక్క దండం పెట్టాలంటే చెయ్యి లేవదు.

ఎంఏ_2001
ఇది చదివి అరగంట లేవలేదు.

ప్రతి బ్యాచ్‌కు మొదటి క్లాసులో సార్ ఒక కేస్ స్టడీ చెప్పేవారు. ఒక ఎకనామిస్టు ఒక ఊరికి వెళ్లి, ధర చెప్పి, నేల గురించి అడగలేదు, నీళ్ల గురించి అడగలేదు, అప్పు ఎక్కడిదో అడగలేదు. ఈ మనిషి చేసిన తప్పులు ఎన్ని, రాయండి అనేవారు. మేం ఆ ఎకనామిస్టును తిట్టి తిట్టి రాసేవాళ్లం. ఒకమ్మాయి "ఆయనకు ఉద్యోగం ఎవరిచ్చారు" అని రాస్తే క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, ఆ పేపర్‌కే ఎక్కువ మార్కులు వేశారు.

ఆ అమ్మాయిని నేనే.

పాత_బ్యాచ్_88
నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఇలా దొరక్కుండా ఉంటే బాగుండేది.

నిజాం_తాత
@పరకాల_వైపు ఒక మాట బిడ్డా. ఆ ఏడు సార్ చెప్పని ఊళ్లలో కూడా అందరూ పత్తే వేశారు. ముందరి ఏళ్ల ధర అట్లా లాగింది. ఆయన ఒక్కడి మీద వేయడం న్యాయమా?

పరకాల_వైపు
@నిజాం_తాత తెలుసు తాతా. బీటీ విత్తనం 2002లో వచ్చాక నేను కూడా పత్తే వేసిన, ఎవరూ చెప్పకుండానే. కానీ పక్కోడిని చూసి వేసి మునిగితే మన తలరాత అనుకుంటం. చదువుకున్నోడు లెక్క చూపించి చెప్తే అట్లా అనుకోలేం.

స్కాన్_చేసెయ్
నా పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. ఆదివారం నేనూ వస్తాను, స్కానర్ తెస్తాను. బుక్కులు అమ్మకండి.

కిరాయి_పోర్షన్
మొదటి బుక్కు ఇప్పుడే తీశాను. మొదటి పద్నాలుగు పేజీలు మార్కెట్‌వి కావు. పేజీకి ఒక పేరు, పద్నాలుగు మంది. మొదటి పేరు సార్ తమ్ముడిది అనుకుంటా, ఇంటిపేరు అదే. @పరకాల_వైపు మీ నాన్నగారిది రెండో పేజీ అయి ఉండాలి, మూడెకరాలు చెల్క అని ఉంది. ఫోటో పెట్టమంటారా?

పరకాల_వైపు
పెట్టకండి. నేను వస్తా.

కిరాయి_పోర్షన్
ఆదివారం పది గంటలకు. పెద్దబ్బాయి ఈ చర్చంతా చదివాడు. ఏమీ అనలేదు, పాత పేపర్ల ఆయనకు ఫోన్ చేసి వీక్లీలు మాత్రమే అన్నాడు. గోనె సంచులు మనమే తెచ్చుకోవాలి. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, బండ్లు సందు మొదట్లో పెట్టండి. @లెక్కల_పంతులు మీరూ వస్తే మీ పేపర్ వెతుకుదాం.

లెక్కల_పంతులు
వస్తా. దొరికితే మాత్రం దిద్దించను.

దడ్వాయి_కొడుకు
నేను ఆటో ట్రాలీ తెస్తున్నా, కిరాయి వద్దు. యార్డు ఆదివారం బందే.

కిరాయి_పోర్షన్
అయిపోయింది, రాత్రి పదకొండైంది, క్లుప్తంగా రాస్తున్నా. పంతొమ్మిది మంది వచ్చారు. తెలుగు పుస్తకాలు నాలుగు సంచులు భాషా నిలయంలో అడగడానికి పక్కన పెట్టాం. ఇంగ్లీషువి పరిశోధన_గది, వాళ్ల స్నేహితులు పంచుకున్నారు. వీక్లీలు 140 కిలోలు తూగాయి. ఎర్ర బుక్కులు స్కాన్ అయ్యేదాకా ఎంఏ_2001 గారింట్లో ఉంటాయి, తర్వాత ఎక్కడనేది పెద్దబ్బాయే తేలుస్తానన్నాడు. గొడుగు ఆయన తీసుకెళ్తున్నాడు.

పరకాల_వైపు గారు మధ్యాహ్నం వచ్చారు, చేతిలో రేకు డబ్బా. మెట్ల మీదే కూర్చుని రెండో పేజీ తెరిచి, డబ్బాలోని చీటీలు ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ చదివారు. గంట పైనే పట్టింది. మేం అటు ఇటు దాటుతుంటే కాళ్లు పక్కకు జరిపేవారు తప్ప తల ఎత్తలేదు. చివరికి నన్ను పిలిచి, "ఇక్కడ తరుగు క్వింటాకు కిలో అని రాసిండు. చీటీల రెండు కిలోలున్నది. సూడు" అన్నారు. చూశాను, రెండే. ఎర్ర పెన్ను ఉందా అని అడిగారు. సార్ బల్ల సొరుగులో దొరికింది, రెండుసార్లు విదిలిస్తే రాసింది. ఒకటి కొట్టేసి రెండు వేశారు, కింద మొత్తం కూడా మళ్లీ లెక్కగట్టి మార్చారు. పెద్దబ్బాయి టీ ఇస్తే తాగారు.

ఒక స్టీలు టిఫిన్ బాక్సు, ఒక నీలం చున్నీ మా వరండాలో మిగిలాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి.